గోడకి రంగుతో పాటు ఒక చాక్‌పీస్ కూడా ఇవ్వండి

సంపాదకులు గారికి నమస్కారం.

నగరాల్లో గోడలకి బొమ్మలు వేయిస్తే జనం మనసులకి హాయిగా ఉంటుందని ఈమధ్య మీ పత్రికలో వచ్చిన కథనం చదివాను. చదివినప్పటినుంచీ ఒక మాట చెప్పాలని ఉంది. బొమ్మలు బాగుంటాయి, నేను కాదనను. బస్సు కిటికీలోంచి చూసేటప్పుడు నాచుపట్టిన గోడ కన్నా రంగుల గోడ నయమే. కానీ ఆ కథనంలో జనం అన్న మాట వచ్చిన ప్రతిచోటా జనం చూసేవాళ్ళుగానే ఉన్నారు. ఎవరో వచ్చి వేస్తారు, మనం చూస్తాం, ఫోటో తీసుకుంటాం, మన దారిన మనం పోతాం. అంతేనా? బొమ్మలో తన చెయ్యి కూడా పడ్డప్పుడే మనిషి మనసు నిజంగా తేలికపడుతుందని నా నమ్మకం. ఆ నమ్మకం నాకు ఒక ఆస్పత్రి గోడ దగ్గర కలిగింది. అందుకే ఉత్తరం కాస్త పెద్దదైంది, ఓపిగ్గా చదవండి.

మా అమ్మ పంతొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉంది. ఐసీయూ బయట కూర్చున్నవాళ్ళకి నేను చెప్పనక్కర్లేదు ఆ రోజులు ఎలా గడుస్తాయో. లోపలికి రోజుకి రెండుసార్లు పంపిస్తారు, ఒక్కొక్కరినే, పది నిమిషాలు. మిగతా టైమంతా ఇనుప కుర్చీలు, ఫోన్ ఛార్జింగ్ పెట్టుకునే చోటు కోసం వెతుకులాట, ఎవరి పేరు పిలుస్తారో, పిలిస్తే ఏం వార్తో అన్న టెన్షన్. పక్క కుర్చీలో ఉన్నాయన కూడా అదే టెన్షన్‌లో ఉన్నాడని తెలుస్తూనే ఉంటుంది, కానీ పలకరించబుద్ధి కాదు, పలకరిస్తే ఆయన కథ మొత్తం వినాలి, వినే ఓపిక మనకి ఉండదు, మన కథ చెప్పే ఓపిక అసలే ఉండదు. నలభై మంది ఒకే హాల్లో, ఒకే బాధతో, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా పంతొమ్మిది రోజులు. నగరం అంటే ఏమిటో నాకు అక్కడ అర్థమైంది.

ఆస్పత్రి ప్రహరీ గోడ మీద, గేటుకి కుడిపక్క, కొందరు కాలేజీ పిల్లలు పదిహేను అడుగుల మేర నల్లరంగు వేశారు. బ్లాక్‌బోర్డులకి వేసే రంగే. పైన తెల్లటి అక్షరాలతో "ఇవాళ నా మనసులో ఉన్న మాట" అని రాసి, కింద అడ్డంగా గీతలు గీసి వదిలేశారు. గోడకి మేకు కొట్టి ఒక పాత పెయింట్ డబ్బా వేలాడదీసి దాన్నిండా చాక్‌పీసులు పోశారు. అంతకు మించి ఏమీ లేదు.

మొదటి నాలుగు రోజులు నేను చదివేవాణ్ణి అంతే. "రిపోర్ట్ రేపు వస్తుంది." "నాన్నా లే." "బాబు పుట్టాడు", పక్కన ఆరేడు ఆశ్చర్యార్థకాలు. ఒకచోట ఎవరో చాలా చిన్న అక్షరాలతో, దాదాపు కనపడకుండా, "ఇంటికెళ్ళి నిద్రపోవాలని ఉంది, అలా అనిపిస్తున్నందుకు సిగ్గుగా ఉంది" అని రాశారు. అది చదివి నేను అక్కడే నిలబడిపోయాను. అప్పటికి మూడు రోజులుగా నాకూ అదే అనిపిస్తోంది, నేనెంత చెడ్డవాణ్ణో అనుకుంటూ లోలోపల కుమిలిపోతున్నాను. ఇంట్లోవాళ్ళతో అనగలిగే మాట కాదది. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి నాకన్నా ముందే అనేశారు, నా గుండె మీద బరువు సగం దిగిపోయింది.

ఐదో రోజు రాత్రి నేనూ రాశాను. అప్పటికి డబ్బాలో మిగిలింది అరంగుళం ముక్క. గోడ గరుకుగా ఉంది, రాస్తుంటే గోరు రాసుకుపోయి మంటపుట్టింది. "డాక్టరు గారు చెప్పింది అమ్మకి ఇంకా చెప్పలేదు" అని రాసి, ఎవరైనా చూస్తారేమోనని గబగబా లోపలికి వెళ్ళిపోయాను. తెల్లారి వచ్చి చూస్తే దాని కింద, వేరే దస్తూరీలో, "మేమూ చెప్పలేదు" అని ఉంది. ఆ కింద ఇంకెవరో ఏమీ రాయకుండా ఒక్క గీత గీశారు. వాళ్ళెవరో నాకు ఈరోజుకీ తెలీదు. ఆ హాల్లో నా పక్కన కూర్చున్నవాళ్ళే కావచ్చు. కానీ ఆ రోజునుంచీ పక్క కుర్చీ ఆయన్ని చూసే చూపు మారింది, రెండో రోజుకి పలకరించాను కూడా.

ఇంకొకటి చెప్పాలి. ఒక రాత్రి అక్కడి వాచ్‌మన్, అరవై దాటిన మనిషి, నా దగ్గరికి వచ్చి "బాబూ, నాకు రాయడం రాదు, ఒక ముక్క రాసిపెడతావా" అన్నాడు. చెప్పు తాతా అన్నాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, గేటు వైపు చూస్తూ నిలబడ్డాడు. తర్వాత, "అమ్మాయి ఫోన్ చేస్తే బాగుండు" అన్నాడు. రాశాను. "అంతేనా, అదే రాశావా" అని అడిగి, ఆ అక్షరాల కింద వేలు పెట్టి, ఆ చివరనుంచి ఈ చివరదాకా, ముట్టుకోకుండా, గాల్లోనే నడిపించాడు. తర్వాత వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నాడు. రోజూ డ్యూటీ ఎక్కగానే ముందు ఆ గీత దగ్గరికి వెళ్ళి చెరిగిపోలేదు కదా అని చూసుకునేవాడు.

అమ్మ పోయింది. నెల తర్వాత కాగితాల పని మీద వెళ్తే గోడ లేదు, అంటే గోడ ఉంది, దానిమీద నీలం రంగు ఉంది, దానిమీద పెద్దపెద్ద పక్షులున్నాయి. ఎవరో పెద్దవాళ్ళు వస్తున్నారని మొదట సున్నం కొట్టేశారట, తర్వాత సుందరీకరణ కింద ఆ పక్షులు వేయించారట. అనుమతి లేకుండా రాతలు రాయించారు కాబట్టి తీసేశామని చెప్పారు. పక్షులు బాగానే ఉన్నాయి, వేసినాయన చెయ్యి తిరిగినవాడే. బొమ్మ పాడవకుండా ముందు ఇనుప రెయిలింగ్ కూడా పెట్టారు. వాచ్‌మన్ తాత అక్కడ లేడు, ఎక్కడికెళ్ళాడో ఎవరూ చెప్పలేదు.

సంపాదకులు గారూ, ఆ రెయిలింగ్ దగ్గరే నా బాధంతా. ఈ రెండు పనులూ కళే, రెండూ గోడ మీదే, రెండిటికీ ఖర్చు మనదే, కానీ ఒకదానికి మనిషి కావాలి, రెండోదానికి మనిషి దూరంగా ఉండాలి. మనసుకి మంచిదని పేరు పెట్టి మనం చేయిస్తున్నది ఎక్కువగా రెండోదే.

నల్లరంగు గోడ వేసిన ఆ కాలేజీ పిల్లలకి ఈ ఆలోచన ఎక్కడినుంచి వచ్చిందో తర్వాత వెతికితే తెలిసింది. అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో 2011లో కాండీ చాంగ్ అనే కళాకారిణి, తనకి తల్లిలాంటి ఒక మనిషి హఠాత్తుగా చనిపోయిన దుఃఖంలో ఉండి, తన ఇంటి దగ్గర పాడుబడ్డ ఒక ఇంటి గోడకి బ్లాక్‌బోర్డు రంగు వేసి, "చనిపోయేలోపు నేను చేయాలనుకుంటున్నది" అన్న వాక్యాన్ని అచ్చు పెట్టి వరసగా వేసి, చివర ఖాళీలు వదిలింది. మర్నాటికల్లా గోడ నిండిపోయింది, ఖాళీలు చాలక పక్కన అంచుల మీద కూడా రాశారు. తర్వాత 70కి పైగా దేశాల్లో అలాంటి గోడలు 5,000 దాకా వెలిశాయి. నాకు నచ్చినదేమిటంటే ఆమె రాత్రికి రాత్రి వెళ్ళి రంగు పూసి రాలేదు. ఇంటి యజమానినీ, ఆ వీధివాళ్ళనీ, కాలనీ సంఘాన్నీ, నగర కమిటీలనీ అందరినీ అడిగి ఒప్పించుకుంది. మన దగ్గర పిల్లలకి ఆ ఓపిక లేదని నేను అనను, అడిగితే వినే కుర్చీ ఏది అన్నదే నా ప్రశ్న.

రాస్తే బరువెందుకు దిగుతుంది అన్నది నా ఒక్కడి అనుభవం మీదే నిలబెట్టాల్సిన పని లేదు. మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ పెన్నెబేకర్ 1986లో ఒక పరిశోధన ప్రచురించాడు. కాలేజీ విద్యార్థుల్ని రోజుకి పదిహేను నిమిషాల చొప్పున వరసగా నాలుగు రోజులు, తమ జీవితంలో బాగా గాయపరిచిన సంగతి గురించి, జరిగిందీ, దాని గురించి తమకి అనిపించిందీ రెండూ కలిపి రాయమన్నారు. మరికొందరిని మామూలు విషయాల గురించి రాయమన్నారు. తర్వాతి ఆరు నెలల్లో మొదటి రకం వాళ్ళు కాలేజీ ఆస్పత్రికి వెళ్ళడం తగ్గింది. ఒక సంగతి దాచకూడదు, రాసిన వెంటనే వాళ్ళు సంతోషంగా ఏమీ లేరు, పైగా ఇంకా దిగులుపడ్డారు. కాబట్టి గోడ దగ్గర ఎవరైనా ఏడుస్తుంటే గోడ విఫలమైందని అనుకోకూడదు. అయితే ఆ విద్యార్థులు రాసింది ఒంటరిగా, గదిలో, కాగితం మీద. గోడ దగ్గర దానికి ఇంకొకటి తోడవుతుంది. నేను రాసింది ఇంకొకరు చదువుతారు, వాళ్ళెవరో నాకు తెలియదు, నేనెవరో వాళ్ళకి తెలియదు, రేపు పెళ్ళిలో కలిసి ఎత్తిపొడవరు, జాలిపడరు, సలహా ఇవ్వరు. తెలిసినవాళ్ళకి చెప్పుకోలేని మాటలు ఒక వయసొచ్చాక మనలో చాలా పోగుపడతాయి, వాటిని దించుకునే చోటు ఇంట్లో ఉండదు, ఆఫీసులో ఉండదు, ఫోన్‌లో పెడితే పదేళ్ళ తర్వాత కూడా ఎవరో తీసి చూపిస్తారు. చాక్‌పీస్ రాత వానకి పోతుంది. అది పోతుందన్న ధైర్యంతోనే చాలామంది రాస్తారని నాకనిపిస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో ఒంటరితనం మీద ఇచ్చిన నివేదికలో ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని చెప్పింది. అదే సంస్థ 2019లో కళలకీ ఆరోగ్యానికీ ఉన్న సంబంధం గురించి 3,000కి పైగా అధ్యయనాల్ని పరిశీలించి ఒక నివేదిక వేసింది. అంటే ఇది తీరిక ఉన్నవాళ్ళ సరదా ముచ్చట కాదని పెద్దవాళ్ళే ఒప్పుకున్నారు.

అందరూ రాయనక్కర్లేదు కూడా. వాచ్‌మన్ తాత లాంటివాళ్ళు ఎందరో. బ్రిటన్‌లో ల్యూక్ జెరమ్ అనే కళాకారుడు తన పేటలో డబ్బులేసి బట్టలుతుక్కునే మెషీన్ల షాపుకి వారం వారం వెళ్ళేవాడట. ప్రతి వారం అవే మొహాలు, ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. ఆ మౌనం చూసి చూసి అతనికి పుట్టిన ఆలోచన వీధుల్లో పియానోలు పెట్టడం. 2008లో బర్మింగ్‌హామ్ నగరంలో 15 పియానోలు బస్‌స్టాపుల దగ్గరా, పార్కుల్లోనూ పెట్టి, వాటిమీద "నన్ను వాయించండి, నేను మీదాన్ని" అని రాశారు. ఆ పని తర్వాత ఎన్నో నగరాలకి పాకింది. వాయించడం రానివాడు కూడా ఒక మీట నొక్కి చూస్తాడు, పక్కనున్నవాడు నవ్వుతాడు, అక్కడ ఒక మాట మొదలవుతుంది. మాట మొదలవడానికి ఒక సాకు కావాలి. నగరంలో మనకి లేనిది ఆ సాకు.

అమెరికాలోనే పోర్ట్‌లాండ్ నగరంలో ఒక పేటవాళ్ళు తమ నాలుగు రోడ్ల కూడలిలో తారు మీద పెద్ద పొద్దుతిరుగుడు పువ్వు వేసుకున్నారు. ఇంతకు ముందు అదే నగరంలో ఇంకో పేటవాళ్ళు ఇలాంటి పని మొదలుపెడితే అధికారులు కుదరదన్నారు, జనం వదల్లేదు, చివరికి నగరపాలక మండలే అలా వేసుకోవడానికి ఒక నిబంధన చేసింది. ఈ పొద్దుతిరుగుడు కూడలి చుట్టుపక్కల ఉండేవాళ్ళనీ, అలాంటిదేమీ లేని పక్క ప్రాంతం వాళ్ళనీ అడిగి చూసిన ఒక అధ్యయనం 2003లో అమెరికన్ జర్నల్ ఆఫ్ పబ్లిక్ హెల్త్‌లో వచ్చింది. దిగులుగా అనిపించడం చాలా అరుదు అన్నవాళ్ళు కూడలి దగ్గర 57 శాతం, పక్క ప్రాంతంలో 40 శాతం. ఒక్క పేట లెక్కతో ప్రపంచమంతా ఇంతే అనేయలేం, సంతోషంగా ఉన్నవాళ్ళే అలాంటి పనులకి పూనుకుంటారేమో అని కూడా అడగొచ్చు, అది న్యాయమైన ప్రశ్నే. కానీ నాకు ఆ శాతాలకన్నా ముఖ్యంగా కనిపించింది వేరే. తారు మీద రంగు టైర్ల కింద నలిగి ఏడాదికల్లా పోతుంది, కాబట్టి ప్రతి ఏడూ ఆ పేటవాళ్ళు మళ్ళీ రోడ్డు మీదికి వచ్చి, కలిసి కూర్చుని వేసుకోవాలి. రంగు చెరిగిపోవడమే వాళ్ళని మళ్ళీ కలుపుతోంది. కొత్తగా ఇల్లు మారి వచ్చినవాళ్ళ చేతికి కూడా ఒక బ్రష్ దొరుకుతుంది. మనవాళ్ళేమో టెండర్ కాగితాల్లో పదేళ్ళు నిలిచే రంగు కావాలని రాస్తారు.

చెరిగిపోయేదాన్ని మళ్ళీ మళ్ళీ దిద్దుకోవడం అంటే నాకు గుర్తొచ్చేది లండన్‌లో కోవిడ్ స్మారక గోడ. అదీ ఒక ఆస్పత్రి పక్కన గోడే. థేమ్స్ నది ఒడ్డున, అవతలి గట్టున పార్లమెంటు ఎదురుగా కనపడుతూ ఉంటుంది. 2021 మార్చి 29న, అయినవాళ్ళని పోగొట్టుకున్న కుటుంబాలు అక్కడ ఎర్రటి గుండె బొమ్మలు వేయడం మొదలుపెట్టాయి, ఒక్కొక్క మరణానికి ఒక్కొక్క గుండె, ఒక్కొక్కటీ చేత్తోనే. అధికారిక అనుమతి ఏమీ లేకుండానే మొదలైంది. దాదాపు అర కిలోమీటరు పొడవు. మొదట లక్షన్నర, ఇప్పుడు 2,40,000 దాటాయి. మొదట వాడిన పెన్నుల రంగు ఎండకీ వానకీ వెలిసిపోయి ఎరుపు గులాబీ రంగైంది, లోపల రాసిన పేర్లు మాసిపోయాయి. అప్పుడు వాళ్ళేం చేశారు? గోడలకి వేసే గట్టి రంగు తెచ్చుకుని, వాలంటీర్లు ప్రతి శుక్రవారం వచ్చి, ఒక్కొక్క గుండెనీ మళ్ళీ దిద్దుతున్నారు, మాసిన పేర్లు మళ్ళీ రాస్తున్నారు. ఇన్నేళ్ళైనా వస్తూనే ఉన్నారు. చనిపోయినవాళ్ళ దగ్గర కూర్చోవడానికి కోవిడ్ రోజుల్లో వాళ్ళకి వీలు కాలేదు, చివరి చూపు కూడా దక్కలేదు చాలామందికి. ఇప్పుడు ఆ పేరు మీద బ్రష్ పెట్టి ఐదు నిమిషాలు కూర్చుంటున్నారు. దీన్ని ఎవరో మంచి కళాకారుడికి కాంట్రాక్టు ఇచ్చి వారంలో అందంగా చేయించి ఉంటే ఆ శుక్రవారాలు ఎక్కడినుంచి వచ్చేవి?

అమెరికాలో ఎయిడ్స్‌తో చనిపోయినవాళ్ళ కోసం కుట్టిన బొంత సంగతి చాలామంది వినే ఉంటారు. 1987 అక్టోబరులో వాషింగ్టన్‌లో మొదటిసారి పరిచినప్పుడు 1,920 గుడ్డలు, ఒక్కొక్కటీ మూడడుగులు వెడల్పు, ఆరడుగులు పొడవు, అంటే సరిగ్గా ఒక సమాధంత. ఇప్పుడవి 50,000 దాకా ఉన్నాయి. ఆ జబ్బు పేరు చెప్పడానికే కుటుంబాలు భయపడిన రోజుల్లో, పేరు చెప్పకుండా ఏడ్చినవాళ్ళు పేరు కుట్టారు. కుట్టు పని నెమ్మదైన పని, ఒక్కొక్క అక్షరానికి గంట పడుతుంది, ఆ గంటంతా ఆ మనిషి తోనే ఉంటారు. ఇంతకన్నా ఏం చెప్పను.

చెయ్యి కలపడానికి రాలేనివాళ్ళ సంగతేమిటి అని అడగొచ్చు, మంచం దిగలేనివాళ్ళు, జైల్లో ఉన్నవాళ్ళు. ఫిలడెల్ఫియా నగరంలో 1984లో గోడల మీద ఇష్టమొచ్చినట్టు రాసే కుర్రాళ్ళని దారిలో పెట్టడానికని మొదలైన కార్యక్రమం జేన్ గోల్డెన్ అనే కళాకారిణి నడపగా నడపగా ఇప్పటికి 4,000కి పైగా కుడ్యచిత్రాల దాకా వచ్చింది. వాళ్ళు బొమ్మని ముక్కలుగా విడగొట్టి, పారాషూట్ గుడ్డ లాంటి పల్చటి గుడ్డ మీద గీతలు గీసి, ఏ గడిలో ఏ రంగో నెంబర్లేసి, స్కూళ్ళకీ ఆస్పత్రులకీ జైళ్ళకీ పంపిస్తారు. అక్కడివాళ్ళు తమ ముక్కకి రంగులేస్తారు. తర్వాత అవన్నీ తెచ్చి గోడకి జిగురుతో అతికిస్తారు. మంచంలో కూర్చుని ఒక అడుగు గుడ్డకి రంగేసిన మనిషి రేపు బయటికొచ్చాక మూడంతస్తుల గోడ మీద తన అడుగు ఎక్కడుందో వెతుక్కుంటాడు. మానసిక ఆరోగ్య శాఖతో కలిసి ఇదే పని ప్రత్యేకంగా చేస్తే, యేల్ విశ్వవిద్యాలయం వాళ్ళు దాన్ని పరిశీలించారు. కాబట్టి గోడలకి బొమ్మలేయించడం మాత్రమే తెలిసిన నగరాలకి కూడా దారి ఉంది. ఆ పక్షులే వేయించండి, కానీ ఒక్కొక్క ఈకా ఒక్కొక్క రోగి బంధువు చేత వేయించండి. ఆ పంతొమ్మిది రోజుల్లో నాకెవరైనా ఒక చిన్న బ్రష్, గుడ్డ ముక్క ఇచ్చి ఇది నింపు బాబూ అని ఉంటే నేను వాళ్ళ కాళ్ళకి దణ్ణం పెట్టేవాణ్ణి.

ఇక నాకు భయంగా ఉన్న సంగతి. ఇది మంచి పని అని పేరొచ్చేసరికి దీన్ని పైపైన వాడుకోవడం మొదలవుతుంది, మొదలైంది కూడా. ఒక ఆదివారం టెంట్ వేస్తారు, పిల్లల చేతులు రంగులో ముంచి గుడ్డ మీద అచ్చులేయిస్తారు, పెద్దవాళ్ళు ఒక గీత గీసి ఫోటో దిగుతారు, సోమవారానికి ఆ గుడ్డ ఎక్కడుందో ఎవరికీ తెలియదు. అమెరికాలో ప్రభుత్వ శాఖలో పనిచేసిన షెర్రీ ఆర్న్‌స్టీన్ అనే ఆమె 1969లోనే, ప్రజల భాగస్వామ్యం అని అందరూ అనే మాట వెనక ఎన్ని రకాల మోసాలున్నాయో చెబుతూ ఎనిమిది మెట్ల నిచ్చెన ఒకటి గీసి చూపించింది, పైకెళ్ళేకొద్దీ జనం చేతికి నిజమైన అధికారం వస్తుంది. అట్టడుగు మెట్టు జనాన్ని ఆడించడం. దాని పైమెట్టుకి ఆమె పెట్టిన పేరు చూసి నేను ఉలిక్కిపడ్డాను. చికిత్స. అంటే జనానికి ఉన్న కోపాన్నీ బాధనీ వాళ్ళ జబ్బుగా చూసి, దాన్ని నయం చేస్తున్నాం అంటూ, అసలు కారణం జోలికి పోకుండా ఉండటం. మనసు ఆరోగ్యం పేరుతో కళని తెచ్చేవాళ్ళందరూ ఆ ఒక్క మెట్టు గురించి రోజూ ఆలోచించాలి. ఆస్పత్రి గోడ మీద "రాత్రిళ్ళు ఆడవాళ్ళకి బాత్రూమ్ తాళం వేస్తున్నారు" అని ఒకరు రాశారు, నా కళ్ళతో చూశాను. దానికి కావాల్సింది ఓదార్పు కాదు, తాళంచెవి. అలాంటి రాతల్ని ఎవరో ఒకరు రోజూ చదివి, రాసుకుని, పట్టించుకునేవాళ్ళకి చేర్చి, జవాబు కూడా అదే గోడ మీద రాస్తేనే జనానికి ఆ గోడ మీద నమ్మకం ఉంటుంది. లేకపోతే ఏడవడానికి చోటిచ్చాం, ఇంకేం కావాలి అన్నట్టు తయారవుతుంది.

అలాగే గోడ డాక్టరు కాదు. "ఇక బతకాలని లేదు" అని ఎవరైనా రాస్తే దాన్ని కళ అనుకుని ఫోటో తీసుకుని వెళ్ళిపోతే పాపం. పక్కనే సాయం దొరికే ఫోన్ నెంబరు పెద్దగా, చెరిగిపోని రంగుతో ఉండాలి, రోజూ చదివే మనిషి ఉండాలి, ఆ మనిషికి ఎవరిని పిలవాలో తెలిసి ఉండాలి. ఒకర్ని పేరుపెట్టి తిట్టిన రాతలు ఆ రోజే తుడిచేయాలి. గోడకి ఎదురుగా కెమెరా మాత్రం దయచేసి పెట్టకండి, కెమెరా ఉందని తెలిస్తే రాసేవాళ్ళు రాయరు, రాసేది ఫోన్‌లో రాసినట్టే ఉంటుంది.

ఇదంతా చెప్పాక తేలేది ఒకటే, ఈ పనికి అసలు ఖర్చు రంగు కాదు, మనిషి. చాక్‌పీసులు ఇట్టే అయిపోతాయి, మా గోడ దగ్గర నింపిన రెండో రోజు మధ్యాహ్నానికి డబ్బా దాదాపు ఖాళీ. నిండిన గోడని ఫోటో తీసి భద్రపరిచి తుడిచి మళ్ళీ ఖాళీ చేయాలి, ఎన్నాళ్ళకి తుడవాలో అక్కడివాళ్ళనే అడగాలి, ఎందుకంటే ఒకరి తండ్రికి రాసిన చివరి మాట తుడిచే ముందు కాస్త ఆగాలి. నల్లరంగు ఏడాదికోసారి మళ్ళీ వేయాలి. రాయడం రానివాళ్ళకి రాసిపెట్టాలి. ఇది రోజూ కొంతసేపు పట్టే పని, దానికి ఒక మనిషికి జీతం ఇవ్వాలి, ఊరికే సేవ చేయమంటే నాలుగో వారానికి ఎవరూ రారు. సుందరీకరణకి కేటాయించే డబ్బులో కొంత భాగం ఇలా మనుషుల మీద ఖర్చుపెట్టాలని ప్రతి నగరపాలక సంస్థా రాసుకోవాలి. ఆస్పత్రుల దగ్గర, కోర్టుల దగ్గర, బస్టాండ్లలో, పరీక్షా కేంద్రాల బయట, ఎక్కడెక్కడ జనం గంటల తరబడి టెన్షన్‌తో కూర్చుంటారో అక్కడ ఒక పదిహేను అడుగుల గోడ వదలండి. అనుమతి ఎవరిని అడగాలో ఒక్క పేరు, ఒక్క గది నెంబరు చెప్పండి, పిల్లలు వచ్చి అడుగుతారు.

మీ పత్రిక తలుచుకుంటే ఈ సంగతి అధికారుల టేబుల్ మీదికి వెళ్తుంది, అందుకే మీకు రాస్తున్నాను. ఈసారి కుడ్యచిత్రాల గురించి కథనం వేసేటప్పుడు మీ విలేకరిని దయచేసి రెండు ప్రశ్నలు అడగమనండి: ఇది వేసింది ఎవరు, రేపు దీన్ని చూసుకునేది ఎవరు.

ఆ ఆస్పత్రి వెనకవైపు, మార్చురీ గేటు పక్కన, ఇంకో గోడ ఖాళీగా ఉంది. అక్కడ పెద్దవాళ్ళెవరూ రారు కాబట్టి దానికి పక్షులు కూడా వేయలేదు. దాన్ని నల్లరంగు వేసుకోనివ్వమని పోయిన నెల అర్జీ పెట్టాను, చూస్తాం అన్నారు. ఆ కాలేజీ పిల్లల్లో ఇద్దరి ఆచూకీ దొరికింది, మళ్ళీ వస్తామన్నారు. ఆదివారాలు చాక్‌పీసులు నింపి, రాయడం రానివాళ్ళకి రాసిపెట్టే పని నేను చూసుకుంటాను, జీతం ఇచ్చే మనిషి దొరికేదాకా. ఆ వాచ్‌మన్ తాత ఎక్కడున్నాడో ఎవరికైనా తెలిస్తే ఆయనకి మాత్రం చెప్పండి, ఆయన మాట మొదటి గీత మీద రాస్తానని.

ఇట్లు,
మీ పాఠకుడు